అగమిస్సం

రెండువేల మూడు, వరసగా మూడో కరువు. కుందుర్పిలో సుష్మ తెల్లారే బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టి వచ్చి, గడప లోపల కూర్చుని పాలి వ్యాకరణం చదువుతుంది. సివిల్స్‌కు పాలి తీసుకుంటే మార్కులు పడతాయని ఎవరో చెప్పారు. "పాలంటే డైరీ చదువా పాపా?" అని ఊళ్లో సగం మంది ఇప్పటికీ అడుగుతారు. గడప బయట అరుగు మీద వాళ్లమ్మ రామక్క కూర్చుని వింటుంది.

రామక్క చనిపోయి పద్దెనిమిదేళ్లు. విషజ్వరం ముదిరిన రోజే కళ్యాణదుర్గం బస్సు రాలేదు. "బస్సొచ్చింటే బతికిండేది" అని ఊరంతా అన్నది. అనగా అనగా మూడో ఏట ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. ఉంటే ఎలా ముదిరేదో అలాగే ముదిరింది, చెవుల దగ్గర నెరిసింది కూడా. గడప మాత్రం దాటదు. నోరు తెరిస్తే ఒకటే తీరు: "నేనుండింటే నీకు జడ ఏసిండేదాన్ని పాపా." దారిన పోయేవాళ్లు "ఏం రామక్కా" అని పలకరించి పోతారు.

ఈ మధ్య ఆమె పలచబడుతోంది. బస్సు సంగతి ఎరిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. ఆ మాట అనేది ఇక సుష్మ, వాళ్ల నాయన వీరప్ప, అంతే. రేపు సుష్మ పరీక్షకు హైదరాబాదు పోవాలి. గట్టెక్కితే మళ్లీ ఈ ఊళ్లో ఉండేది లేదు. నాయన ఒక్కడి మాట మీద అమ్మ నిలుస్తుందా? ఆ దిగులుతో చదువు తలకెక్కడం లేదు.

పుస్తకం కూడా తక్కువది కాదులెండి. జరగాల్సి ఉండీ జరగని పనికి పాలిలో వేరే క్రియారూపం ఉంది, కాలాతిపత్తి అంటారు. ఎక్కడో గాని కనబడదు. "అగమిస్సం" అంటే పోయుండేదాన్ని. మొదటి అ తీసేస్తే "గమిస్సం", అంటే పోతాను. ఒక్కోసారి అ లేకపోయినా పాత అర్థమే వస్తుందట! ఏది ఏదో ఆ బుద్ధుడికే తెలియాలి.

"నాయనా, రెండూ ఒకటేనంట, మళ్ళా కాదంట. నాకేమీ అర్థం కాలే."

"ఒకటెట్లయితాదే?" అన్నాడు వీరప్ప, ఇంట్లోనే ఓ మూల సేద్యపు గుంటక పళ్లు సుత్తితో బిగిస్తూ. "ఒకటి పోనిది, ఒకటి పోయేది."

మధ్యాహ్నం దాకా సుష్మ వల్లిస్తూనే ఉంది. "అగమిస్సం, అగమిస్సం." అరుగు మీద రామక్క వంత పాడుతోంది. నోరలిసి సుష్మ ఒకసారి అ మింగేసింది.

"గమిస్సం," అంది రామక్క కూడా. లేచి, చీర దులుపుకుని, మెట్టు దిగింది.

సుష్మ పుస్తకం పడేసి లేచింది. చదివిన సూత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇంటి మర్యాద ఒక్కటే నోటికొచ్చింది. గడప దగ్గర ఎవరూ పోతాననకూడదు కదా.

"పోతా అనొద్దమ్మా! వస్తా అనల్ల! ఆగమిస్సం అను!"

పోతూ పోతూ వస్తాననే మర్యాద మనది. పాలికి అది తెలియదు. మొదట దీర్ఘం తీసి ఆ అంటే దానికి వస్తానని, వస్తానంటే రావడమే.

"ఆగమిస్సం," అంది రామక్క నిదానంగా. వెనక్కి తిరిగి, మెట్టెక్కి, గడప దాటి లోపలికొచ్చింది. అలికిన నేల మీద ఎర్రమట్టి అడుగులు పడ్డాయి.

వీరప్ప చేతిలో సుత్తి జారిపోయింది. రామక్క అతన్ని ఎగాదిగా చూసి, "ఎంత చిక్కిపోయినావు," అంది. పొయ్యి దగ్గరికి నడిచి, కూతురి వైపు తిరిగింది.

"రేపు ఎన్నింటికి లేపల్ల నిన్ను?"

"నాలుగ్గంటలకమ్మా," అంది సుష్మ వెక్కుతూ.