పెట్టె ముట్టనన్న మాట

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. తలుపులు అనేవాడి పేరు ఎవరైనా ఎత్తితే చాలు, లోపల బొగ్గు లేకపోయినా నాకు అడుగు కాలుతుంది. మా బుల్లియ్యకు స్వయానా చెల్లెలి కొడుకు వాడు. మేనమామ నోటి దగ్గర కూడు లాగేసుకున్నాడు. అదీ మర్యాదగా, పెద్దల ఎదుట, తాంబూలం పెట్టి మరీ. దొంగయితే గోడ దూకి వస్తాడు, నలుగురూ కలిసి నాలుగు తగిలిస్తారు. తాంబూలం పట్టుకొని వాకిట్లోంచి వచ్చినవాణ్ణి ఎవరేం చేస్తారు?

నన్ను పోత పోసింది ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో. మూత బిగించడానికి గడియలాగా ఒక కోడిపుంజు బొమ్మ పెట్టారు. దాని మెడ పట్టుకొని వెనక్కి వంచితే నా నోరు తెరుచుకుంటుంది. ఇంత బరువున్న పెట్టె ఎందుకని కొట్లో ఎవరో అంటే బుల్లియ్య తండ్రి నవ్వి, "బరువుంటేనే మంచిదండి, సగం పని అదే సేసుకుంటాది" అని నన్ను తణుకు తెచ్చుకున్నాడు. ఆ సగం పని నేను చేస్తూనే వచ్చాను. కూలి మొత్తం వాళ్ళే పుచ్చుకున్నారు. మనుషుల దగ్గర పని చేసేవాటికి ఇది మామూలే.

తండ్రి పోయాక బుల్లియ్య చేతికి వచ్చాను. నాతోపాటు కాలవ వెనక రెండు వీధుల ఇళ్ళు కూడా వచ్చాయి. ఇళ్ళంటే ఆస్తి కాదు, వాడిక ఇళ్ళు. ఆ ఇళ్ళ బట్టలు ఆయనే ఇస్త్రీ చెయ్యాలి, పేటలో ఇంకెవరూ ముట్టకూడదు. అలా ఎప్పుడో వాళ్ళ పెద్దలు ఊరంతా పంచుకున్నారు. తరవాత ఆ వీధుల్లో పాత ఇళ్ళు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. లిఫ్టులో దిగివచ్చి బట్టల మూట ఇచ్చి వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఎవరికి ఇవ్వాలో తామే చూసుకుంటున్నామనుకుంటారు. వాళ్ళ చొక్కా ఎవరి చేతిలో పడాలో వాళ్ళు పుట్టకముందే తేలిపోయింది.

ఆ అపార్ట్‌మెంట్లలోనే శేషగిరి గారని ఒకాయన ఉండేవాడు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా రిటైర్మెంట్ కోసం చూసినవాడు, తీరా అయిన వారానికే ఇంట్లో ఆవిడ "కాస్త అలా బయటికి వెళ్ళి రండి" అనడం మొదలుపెట్టింది. ఆ బయట అంటే మా ఇస్త్రీ బండి. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా రోజూ ఒక చొక్కా తెచ్చి, అది అయ్యేదాకా నిలబడేవాడు.

"నీదే హాయి బుల్లియ్యా. లేచి వెళ్ళిపొమ్మనేవాడు లేడు నీకు" అనేవాడు.

"లెగమనేవోడు లేడండి. కూకోమనేవోడూ లేడు" అనేవాడు మావాడు, కాలరు తిప్పుతూ.

శేషగిరి గారు పోరగా పోరగా బుల్లియ్య పోస్టాఫీసులో డబ్బు కట్టడం మొదలెట్టాడు కూడా. ముసలితనానికని దాచిన డబ్బు ముసలితనం దాకా ఆగాలి కదా. ఒక వానాకాలం ఇంటి కప్పుకు పోయింది. మిగిలింది పెళ్ళాం పాపాయమ్మ కంటి ఆపరేషన్‌కు పోయింది. పోనీ ముసలివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పింఛనైనా వస్తుందా అంటే, ఆధార్ కార్డు తీయించిన రోజు వయసెంతని అడిగితే, నోటికొచ్చింది చెప్పి వచ్చాడీ మహానుభావుడు. అందులో పదేళ్ళు తగ్గిపోయాయి. అరవై ఆరేళ్ళ మనిషి కార్డులో యాభై ఆరేళ్ళ పడుచువాడు. సంబంధాలు చూడమని పాపాయమ్మ ఎగతాళి చేసేది.

కార్డుకు తెలియకపోయినా భుజానికి తెలిసింది. నన్ను ఎత్తిన ప్రతిసారీ కుడి భుజంలో కలుక్కుమనేది. నా బరువు సగం పని చేస్తుందని కొన్న పెట్టెను నేను, ఆ బరువే ఆయన్ని తినేస్తోంది. సరిగ్గా అప్పుడు వచ్చాడు తలుపులు.

"ఇంక నువ్వు కూకో మావయ్యా. నీ ఇల్లన్నీ నాకొగ్గెయ్. నువ్వున్నన్నాళ్ళూ నెలకి మూడేలిత్తాను. ఆ శేషగిరి పంతులుగోరికి గవర్మెంటిత్తంది, నీకు నేనిత్తాను."

పాపాయమ్మ కళ్ళు తుడుచుకుంది. కులపెద్ద అర్జయ్య వచ్చి కట్టుబాటు మాట పలికించాడు. ఇళ్ళు ఇచ్చేసినవాడు మళ్ళీ కూలికి పెట్టె ముట్టకూడదు. ముట్టాడా, నెలనెలా ఇచ్చేది ఆగిపోతుంది, ఇచ్చిన ఇళ్ళు వెనక్కి రావు. ఇంట్లో తన చొక్కా తాను రుద్దుకున్నా, స్నేహానికి ఎవరిదైనా ఊరికే రుద్దిపెట్టినా తప్పు లేదు. కూలి పుచ్చుకుంటేనే తప్పు. లేకపోతే ఇళ్ళు అమ్ముకున్నవాడు పక్క సందులో బండి పెట్టుకొని కొన్నవాడి నోట్లో మట్టి కొడతాడని పెద్దల భయం. అందరూ తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆచారం ప్రకారం నాలోంచి రెండు నిప్పులు తీసి తలుపులు బండి కింద పెట్టారు. వాడిది కరెంటు పెట్టె. నిప్పులు కాసేపు ఎవరికీ అక్కర్లేనట్టు పొగ వదిలి ఆరిపోయాయి. నన్ను తెచ్చి అటక మీద పెట్టారు.

ఉన్నమాట చెప్పాలి. తలుపులు ప్రతి నెలా ఒకటో తారీఖునే డబ్బు తెచ్చి అత్త చేతిలో పెట్టేవాడు. ఒక్క రోజు దాటించలేదు. వాణ్ణి తిట్టుకుందామంటే అదొక్కటే నాకు అడ్డం వస్తుంది.

అటక మీంచి నాకు అరుగు కనబడేది. బుల్లియ్య అక్కడ కూర్చొని వచ్చేపోయేవాళ్ళ చొక్కాలు చూసేవాడు. "సూడవే, సేతి మడత ఎంత వంకరో" అనేవాడు. పాపాయమ్మ ఉతికి ఆరేసిన తుండు తీసి మడతపెట్టేవాడు, విప్పేవాడు, మళ్ళీ పెట్టేవాడు. "ఆ తుండేం పాపం సేసింది, వదిలెయ్యరాదూ" అని ఆవిడ కసిరేది. భుజం నొప్పి తగ్గింది. దాంతోపాటు మాట తగ్గింది, తిండి తగ్గింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున్న శేషగిరి గారు చొక్కా పట్టుకొని పేటలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఉద్యోగం వచ్చింది బుల్లియ్యా! రైసు మిల్లులో లెక్కలు చూడాలి. ఇవాళే చేరాలి. ఆ తలుపులేమో కరెంటు లేదు, సాయంత్రం రమ్మంటున్నాడు."

"పెన్షనొత్తంది కదండీ. ఈ వయసులో ఉజ్జోగం ఎందుకండీ?"

"పెన్షను నన్ను ఇంట్లో కూర్చోబెడుతుందయ్యా. లేపి ఎక్కడికైనా పంపిస్తుందా? నలిగిన చొక్కాతో వెళ్తే ముసలాడొచ్చాడంటారు."

బుల్లియ్య స్టూలు ఎక్కి నన్ను దించాడు. "వద్దయ్యో, నీకు దణ్ణం పెడతాను" అని పాపాయమ్మ అడ్డం వచ్చింది. "స్నేహానికేలేవే" అన్నాడు. కొబ్బరిచిప్పల బొగ్గు వేసి, విసిరి, నీళ్ళు చిలకరించి, నా అడుగున చుయ్‌మనగానే మొహం ఎత్తాడు. ఆ మొహం నేను చాలా రోజుల తరవాత చూశాను. చొక్కా మీద ఒక్క గీత వంకర పోలేదు. కాలరు వెనక వేలు దూరేంత వదిలి మడత వేశాడు. ఆ మడత ఆయన తండ్రిది. తణుకులో ఇంకెవరికీ రాదు.

శేషగిరి గారు పది రూపాయల నోటు తీశాడు. వద్దనాల్సినవాడు చేయి చాపాడు. నోటును కళ్ళకద్దుకొని మొలలో దోపుకున్నాడు.

ఆ చొక్కా వేసుకొని శేషగిరి గారు నేరుగా తలుపులు బండి ముందునుంచే మిల్లుకు వెళ్ళాడు. తలుపులు కాలరు చూశాడు. "ఎవరు సేశారండీ?" అంటే, "ఇంకెవరు, మీ మావయ్యే!" అని సంతోషం పట్టలేక చెప్పేశాడు. చదువుకున్నవాళ్ళు ఇలాగే కొంప ముంచుతారు, నవ్వుతూ.

ఆదివారం అర్జయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నారు. బుల్లియ్య నన్ను కూడా తేవలసి వచ్చింది. జరిగింది తెలిసి శేషగిరి గారు పరుగున వచ్చాడు. బతుకులో అబద్ధమాడి ఎరగని మనిషి, ముందుకొచ్చి అన్నాడు: "నేను పైసా ఇవ్వలేదు. స్నేహం కొద్దీ చేసిపెట్టాడు."

అర్జయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "మరింకేవుందిరా తలుపులూ? ఊరికే సేత్తే తప్పు లేదు కదా." తలుపులు తల దించుకున్నాడు. పాపాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మొగుడి వైపు చూసింది. బుల్లియ్య చెయ్యాల్సిందల్లా నోరు మూసుకొని కూర్చోవడమే. బతికినన్నాళ్ళూ కూర్చొని తినొచ్చు.

"పుచ్చుకున్నానండి" అన్నాడు.

"ఏవిటీ?"

"పది రూపాయలు పుచ్చుకున్నాను. పంతులుగోరు దయకొద్దీ అలాగంటన్నారు. ఊరికే రుద్దడానికి నాకేవన్నా సేతకాదా, సేతులిరిగినియ్యా? నా జల్మలో ఎవడికీ ఊరికే రుద్దలేదండి."

"ఒరే బుల్లియ్యా, ఏం మాటాడుతున్నావో తెలుసా?"

"తెలుసండి. నాది పని. దాన్ని సరదా అనకండి."

అర్జయ్య తువ్వాలు దులుపుకొని లేచి, "అయితే మాట సెల్లిపోయింది. ఇంక నెలడబ్బు లేదు" అన్నాడు. పాపాయమ్మ ఏడవలేదు. "తెలుసు నాకు" అని మాత్రం అని ఇంటికి నడిచింది. వెళ్ళేటప్పుడు తలుపులు దగ్గరకొచ్చి, "నా బండి కాడికొచ్చెయ్ మావయ్యా. జతకింతని లెక్కగట్టి ఇత్తాను" అన్నాడు. జాలిపడ్డాడో వెటకారమాడాడో నాకు ఇప్పటికీ తెలియదు. బుల్లియ్య నన్ను ఎడమ భుజానికి ఎత్తుకొని, "నీ పెట్టెకి బరువు లేదురా" అని వచ్చేశాడు.

ఆ తరవాత బస్టాండు పక్కన ఒక బల్ల వేశాడు. ప్రయాణికులు ఎవరి వాడికలోకీ రారు. పెళ్ళికో ఇంటర్వ్యూకో నలిగిన చొక్కాతో దిగినవాళ్ళు బనీనుతో నిలబడేవాళ్ళు, మేము రుద్ది ఇచ్చేవాళ్ళం. ఆయన సుఖపడ్డాడని నేను చెప్పను. భుజం మళ్ళీ పట్టేసింది. ఇంటికొచ్చాక పాపాయమ్మ నూనె రాస్తుంటే మూలిగేవాడు. నొప్పికి మూలిగే మనిషికి మాటలూ ఉంటాయి. ఆ రోజు బల్ల దగ్గర ఎవరేమన్నారో చెప్పి ఆవిడను నవ్వించేవాడు. అరుగు మీద కూర్చున్నన్నాళ్ళు మూలగనూ లేదు, నవ్వనూ లేదు. ఏది మంచిదో నాకెలా తెలుస్తుంది? నేను ఇత్తడిని.

ఒక మధ్యాహ్నం బల్ల కింద కాస్త నడుం వాల్చాడు. ఎవరో చొక్కా తెచ్చి లేపబోతే లేవలేదు.

పాపాయమ్మ నన్ను పాతసామాన్ల కొట్టుకు తూకానికి ఇచ్చేసింది. మూత విరిగిన కుక్కరు పక్కన పడి ఉన్నాను. ఇక్కడ వేరే పని లేదు కాబట్టి లెక్కలు వేస్తుంటాను. అర్జయ్య అరుగు మీద నోరు తెరిచాక బుల్లియ్య నాలుగేళ్ళ రెండు నెలలు బతికాడు. నెలకు మూడు వేల చొప్పున లక్షా యాభై వేలు. అందులో చేతికొచ్చిన పది తీసేస్తే, ఆయన పోగొట్టుకున్నది లక్షా నలభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై రూపాయలు.