పొయ్యి చదివిన ఫైలు

ఫిన్లాండ్‌లోని ఔలులో ఫిబ్రవరి నెలలో తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి ఖణేల్‌మని నేల మీద పడుతుంది. అంత చలిలోనూ ఆ మధ్యాహ్నం సైమీకి చెమటలు పట్టాయి. రెండేళ్లుగా తాను రాస్తున్న రన్‌టైం బతుకుతుందో, అటకెక్కుతుందో కాసేపట్లో తేలిపోతుంది.

వెబ్‌అసెంబ్లీ అనే ఉమ్మడి రూపంలోకి మార్చిన ప్రోగ్రాం ఏ యంత్రంలోనైనా అక్షరం మారకుండా నడవాలి. అలా నడిపించేదే రన్‌టైం. వాళ్లది సౌనా పొయ్యిలు, అంటే ఆవిరిస్నానం గదిలో రాళ్లు కాచే పొయ్యిలు, చేసే కంపెనీ. యజమాని తైస్తో పెట్టిన పరీక్ష ఒక్కటే: నమూనా ప్రోగ్రాం ఒకే ఫైలుగా ల్యాప్‌టాప్‌లోనూ నడవాలి, ఆఫీసు సౌనా పొయ్యిలో ఉన్న చిన్న చిప్‌లోనూ నడవాలి.

ల్యాప్‌టాప్ తెర మీద "మొయి!" అని పలకరింపు, కింద యంత్రం వేడి ఎంతో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అదే ఫైలును పొయ్యికి ఎక్కిస్తే అది తెల్లమొహం వేసింది.

"పాపం, దీనికి చదువు రాదు," అన్నాడు పక్కసీటు ఓక్కో. "మా తాత కట్టెల పొయ్యయితే పేపరు మొత్తం ఒక్క గుక్కలో చదివేసేది."

తైస్తో తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "రాళ్లు కాగిపోయాయి సైమీ. నేను లోపలికెళ్తున్నా. బయటికొచ్చేసరికి పొయ్యి పలక్కపోతే ఇక ఆపేద్దాం."

ఫైలు సైజు మరీ పెద్దగా ఉండటం చూసి సైమీ నాలుక కరుచుకుంది. రాసిన కోడ్‌ను బిల్డ్ చేసి ఫైలుగా మార్చేటప్పుడు ఏ రకం ఫైలు కావాలో చెప్పడం మరిచిపోయింది. చెప్పకపోతే అది తయారయ్యేది ల్యాప్‌టాప్ కోసమే. ఇందాక నడిచిన ప్రోగ్రాం రన్‌టైం గడపే తొక్కలేదు!

"మరి మేం కొట్టిన చప్పట్లో?"

"ల్యాప్‌టాప్‌కి పోయాయి. నోరు మూసుకుని కాఫీ పొయ్, ఓక్కో."

మళ్లీ బిల్డ్ చేసింది. ఇందాకటి ఫైలు ఏనుగైతే ఇది దాని చెవిలో దూరే దోమ. ఈసారి రన్‌టైంలోనే నడిపింది. ల్యాప్‌టాప్ "మొయి!" అంది. ఆ దోమనే తీసుకెళ్లి, చీమ తలంత బుర్ర ఉన్న పొయ్యికి అప్పగించింది.

సౌనా అద్దం తలుపు పక్కనున్న చిన్న తెర వెలిగింది. "మొయి!" కింద సౌనా గది వేడి, డెబ్బై డిగ్రీలు.

లోపల తైస్తో రాళ్ల మీద నీళ్లు చల్లాడు. ఆవిరి బుస్సుమంది. తెర మీద అంకె మెల్లగా పైకి పాకింది. తాను తన సీట్లో కూర్చుని రాసిన అక్షరాలే ఇక్కడ సౌనా వేడిని తెలుసుకుంటున్నాయి. సైమీ ఒళ్లు ఝల్లుమంది. ఓక్కో కాఫీ కప్పుతో తెర దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

తైస్తో బయటికొచ్చి, ఒంట్లోంచి పొగలు కక్కుతూ ఆ తెర ముందుకెళ్లి అంకె చదివాడు. మనుషులకే పొదుపుగా మొయి చెప్పే మనిషి. తువ్వాలు సర్దుకుని, పొయ్యి వైపు తల వంచాడు.

"మొయి," అన్నాడు. తర్వాత సైమీతో, "మిగతా పొయ్యిలకీ ఎక్కించు."