బావ కుర్చీ చల్లబడిన వారం

సోమవారం పొద్దున్నే వడ్రంగి స్టేడియం గ్యాలరీ ఎక్కి కుర్చీలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్లేవాడు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వచ్చిన జనం గంతులేసి వదులు చేసిన బోల్టులు బిగించడం అతని పని. దానికి స్పానర్ చాలు. అయినా ప్రతి కుర్చీ మీదా అరచెయ్యి ఆనించేవాడు. పదేళ్లు ఒకే కుర్చీలో కూచుని ఊరి జట్టును చూసినవాళ్ల కుర్చీకి ఇక వేడి తగ్గదు. వానలో తడిసినా సరే, అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు గోరువెచ్చగా ఉంటుంది. వడ్రంగి తాతకీ అలాంటి కుర్చీ ఉండేది. ఆ మహానుభావుడు నలభై ఏళ్లలో ఒక్క గోలూ చూడలేదు, సరిగ్గా ఆ క్షణానికే చెప్పు కోసం కిందికి వంగేవాడు. ఆయన చనిపోవడానికి మూడు వారాల ముందే కుర్చీ చల్లబడింది. తర్వాత ఎందరి విషయంలోనో అలాగే జరిగింది. అందుకే చల్లటి కుర్చీ తగిలితే వడ్రంగి ఆ ఇంటికి వెళ్లి, మనిషిని ఓసారి పలకరించి వచ్చేవాడు.

ఆ సోమవారం, వడ్రంగి సొంత కుర్చీ పక్కదాంట్లో రోజూ పడుకునే పిల్లి అతని కుర్చీలోకి మారి ఉంది. వడ్రంగి పక్కదాని మీద చెయ్యి పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. అది బావది. బావంటే అక్క మొగుడు, జట్టు కార్యదర్శి, చిన్నప్పుడు తనని భుజాల మీద ఎక్కించుకుని మొదటి మ్యాచ్ చూపించినవాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాడు.

"ఏరా, దారి తప్పావా?" అన్నాడు బావ.

"ఊరికే వచ్చాను బావా. ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"గుండ్రాయికి నిద్ర పట్టట్లేదురా తమ్ముడూ," అంది అక్క వంటింట్లోంచి. "తెల్లార్లూ పొర్లుతూనే ఉంటారు."

వడ్రంగికి ఇక అనుమానం లేకపోయింది. బావని బతిమాలి ఇద్దరు డాక్టర్లకి చూపించాడు. ఎప్పటిదో ఒక పెనాల్టీ గురించి తనకీ బావకీ ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తగువుని ఒక్క మాటతో వదిలేశాడు. "నువ్వన్నదే నిజం బావా, అది పెనాల్టీయే." బావ అతనికేసి అదోలా చూసి తల దించుకున్నాడు.

మూడో వారం బావ కాగితాలు పట్టుకుని వడ్రంగి కొట్టుకి వచ్చాడు.

"గ్యాలరీ రిపేర్ల కోసంరా. మన జట్టు కమిటీ ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు ఒప్పుకోలేదు. నీతో కలిపితే మనం నలుగురం."

పోయే మనిషి ముందు కళ్లజోడు వెతుక్కోవడం మర్యాద కాదనిపించింది. వడ్రంగి చదవకుండానే సంతకం పెట్టాడు.

గురువారం పేపర్లో వచ్చింది. జట్టుని పేరుతో, రంగుతో సహా పెద్ద నగరం వాళ్లకి అమ్మేశారు. సభ్యుల్లో నలుగురు సరేనన్నారట. కార్యదర్శి కూడా జట్టుతో వెళ్తున్నాడట.

వడ్రంగి వెళ్లేసరికి బావ పెట్టె సర్దుకుంటున్నాడు.

"నువ్వు చచ్చిపోతున్నావనుకున్నాను," అన్నాడు వడ్రంగి.

"ఎవరు చెప్పారు?"

"నీ కుర్చీ."

బావ మడతపెడుతున్న చొక్కాని పెట్టెలో పెట్టాడు. "నిన్నొదిలి పోతానట్రా? అక్కడ నీకూ పని మాట్లాడాను. నలభై వేల కుర్చీలు, అన్నీ కొత్తవి," అన్నాడు.

"ఆలోచించుకుని చెప్తాను," అన్నాడు వడ్రంగి. కోపమున్నా జట్టు మీద ప్రాణం. జట్టెక్కడుంటే తనూ అక్కడే ఉండాలని ఒక మనసు లాగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున గ్యాలరీ ఎక్కాడు. రొట్టెల కొట్టాయన కుర్చీ వెచ్చగా ఉంది. పంతులమ్మది వెచ్చగా ఉంది. జట్టు పోయినా ఒక్కటీ చల్లారలేదు. మూడో వరసకి వచ్చాడు. పిల్లి అక్కడ లేదు, వెనక వరసలోకి మారిపోయింది. తన కుర్చీ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేకపోయాడు. బావ కుర్చీకీ దానికీ తేడా లేదు.

బావ రెండు ఉత్తరాలు రాశాడు. వడ్రంగి జవాబివ్వలేదు. ప్రతి ఆదివారం మ్యాచ్ వేళకి వచ్చి, గడ్డి మొలిచిపోయిన మైదానానికి ఎదురుగా ఆ కుర్చీలోనే కూచుంటున్నాడు. అది మళ్లీ వెచ్చబడడానికి పదేళ్లు పడుతుంది. అతనికిప్పుడు అరవై రెండు.

మొన్న ఆదివారం అతను లేచాక పిల్లి వచ్చింది. కుర్చీ మీద ఒక్క కాలు పెట్టి చూసి, వెనక్కి తీసుకుంది.