పొడుం పట్టు

ఆత్మకూరు నుంచి వచ్చిన ఉత్తరాన్ని రంగనాథం మూడుసార్లు చదివాడు. నాలుగోసారి చదవబోతూ అలవాటు కొద్దీ రొండిన చెక్కుకున్న పొడుం డబ్బీ తీశాడు. మూత తిప్పినవాడు తిప్పినట్టే ఆగి, డబ్బీని ఉత్తరం పక్కన పెట్టి రెండింటినీ చూస్తూ కూర్చున్నాడు.

ఉత్తరం రాసింది బావమరిది రామనారాయణ. ఆత్మకూరులో నేతి వ్యాపారం అతనిది. కొండపల్లెల నుంచి ఉదయగిరికి దిగే నెయ్యిని వాసన చూసి, మంచిదైతే కొని, డబ్బాలకెత్తి బస్సు మీద ఆత్మకూరుకు పంపడం రంగనాథం పని. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. భార్య సీతమ్మ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. కొట్టు వెనక గదిలోనే కాపురం, వంట, నిద్ర.

"తమరు పంపిన డబ్బాలలో రెండింట వనస్పతి కలిసినది. పెళ్ళివారింట విస్తళ్ళ ముందు మన పరువు పోయినది. తమ ముక్కు మీది నమ్మకముతో మేమిక్కడ తిరిగి చూడలేదు. పై వారము శనివారము వచ్చెదను. అయిదు గిన్నెలలో నెయ్యి పెట్టెదను. కల్తీది ఏదో తాము చెప్పలేని పక్షమున మా గుమాస్తా వరదయ్యను అక్కడ ఉంచి, తమను ఇక్కడికి తోడ్కొని వచ్చెదను. మా ఇంట విశ్రాంతిగా ఉండవచ్చును."

రంగనాథం కళ్ళు ఆ చివరి మాట దగ్గరే నిలిచిపోయాయి. అక్క పోయిన తరువాత బావ ఆ ఇంటికి ఏమవుతాడు? నడవలో ఒక చాప, రెండుపూటలా ఒక విస్తరి. ఎవరైనా వస్తే లేచి పక్కకు తప్పుకోవడం. అట్లా తప్పుకుంటూ బతికిన ముసలివాళ్ళను ఆయన చూసి ఉన్నాడు.

కొట్టు ఊడ్చి నీళ్ళు పోసే ఓబమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. ఆమెతో ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి అడిగాడు.

"ఓబమ్మా, నా ముక్కు చెడిపోయిందంటావా?"

"దినానికి ముప్పైసార్లు ఆ మంట పొడి ఎక్కిస్తే చెడదా సామీ? పక్కనే పిల్లి చచ్చి పడుంటే మొన్న నేను చెప్పిందాకా నీకు తెలియలా."

రంగనాథం డబ్బీ ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకుపోయి పెంటలో కుమ్మరించు."

"నిజమా, ఉత్తుత్తిదా? రేపు పెంట కెలికేవాణ్ణి నేను చూడలేను."

"పో, పో. పొయ్యి పని చూడు."

ఆ పూట గడిచింది. మరునాటికి తల పగిలిపోతున్నది. ఊరకే తుమ్ములు. రాబోయి రాని తుమ్ములు కొన్ని, నోరు తెరిచి ఎదురుచూస్తే మధ్యలోనే పోయేవి. చెయ్యి తనంతట తాను రొండికి పోయేది. అక్కడ ఏమీ లేకపోయేసరికి పంచె అంచు పట్టుకుని నలిపేది. బొటనవేలూ చూపుడువేలూ గాలిలోనే ఒకదాన్నొకటి రుద్దుకునేవి. లవంగం నోట వేసుకున్నాడు. కొరికి నమిలేస్తే అది రెండు నిమిషాలకే అయిపోయింది. సీకాయ పొడి వాసన చూశాడు. తుమ్ము వచ్చింది కానీ ఆ తుమ్ములో సుఖం లేదు.

సాయంత్రం అలవాటుగా ఎదురు అరుగు మీదికి పోయాడు. నలుగురు పెద్దలు అక్కడ రోజూ కూర్చుంటారు. ఒకాయన డబ్బీ తెరిచి పక్కవాడికి చాపుతాడు, ఆయన ఒక పట్టు తీసుకుని ఇంకొకరికి చాపుతాడు, ఆ డబ్బీ తిరిగే దారినే మాటా తిరుగుతుంది. డబ్బీ తన ముందుకు వచ్చినప్పుడు రంగనాథం తల అడ్డంగా ఊపాడు. "ఒంట్లో బాగలేదా శెట్టీ?" అని ఒకాయన అడిగాడు. రంగనాథం ఏదో చెప్పేలోపే డబ్బీ ఆయన్ను దాటి పోయింది. దాంతోపాటే మాటా పోయింది. ఇరవై ఏళ్ళుగా కూర్చున్న చోటే కూర్చుని, వాళ్ళు ఎవరి ఎద్దుల గురించి మాట్లాడుకుంటున్నారో ఆయనకు అర్థం కాలేదు. కాసేపటికి లేచి వచ్చేశాడు. ఎవరూ ఉండమనలేదు.

ఆదివారం నాడు ఒక సంగతి కనిపెట్టాడు. ఆ ఆరాటం ఎంత గట్టిగా వచ్చినా చాలాసేపు నిలవదు. చేదబావిలో మూడు బిందెలు తోడేంతసేపు. మూడో బిందె పైకి వచ్చేసరికి అది కాస్త వెనక్కి తగ్గుతుంది. దాన్ని చంపనక్కరలేదు, మూడు బిందెలు తోడితే చాలు. అప్పటినుంచి చెయ్యి రొండికి పోగానే ఆయన కొట్టు వదిలి వీధి బావికి పోయేవాడు. తన తొట్టి నిండింది. ఓబమ్మ కడవలు నిండాయి. పక్కింటి గోలెం, ఎదురింటి గాబు, పశువుల తొట్టి, అన్నీ నిండాయి.

"శెట్టికి పొడుం పిచ్చి వదలబట్టి మనకు నడుములు మిగిలినయ్యి" అని బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు.

"నవ్వబాకండే, మళ్ళీ అలవాటు చేసుకుంటాడు" అన్నది ఓబమ్మ.

వాళ్ళ నవ్వు ఆయనకు కష్టం అనిపించలేదు. ఎవరో ఒకరు తన గురించి మాట్లాడుతున్నారు కదా అనుకున్నాడు.

సోమవారం తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఏదో కంపు. ఎలుక చచ్చిందేమోనని గది మూలలన్నీ వెదికాడు. ఏమీ లేదు. అలిసి మళ్ళీ పడుకుని దుప్పటి మీదికి లాక్కున్నాడు. అప్పుడు తెలిసింది. ఆ కంపు దుప్పటిది. జిడ్డు, చెమట, మాడిన నెయ్యి, ఎన్నేళ్ళనాటి వాసనో. సీతమ్మ ఉంటే చెప్పి ఉండేది. ఈ ఆరేళ్ళలో ఇంకెవరు చెబుతారు? ఈ గదిలోకి వచ్చి కూర్చున్నవాళ్ళే లేరు. ముక్కు తిరిగి వస్తున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ దుప్పటి పట్టుకుని బావికి పోయాడు.

మంగళవారం సిద్ధయ్య దిగాడు.

సిద్ధయ్యది కొండ వెనక పల్లె. ఇంటింటా వెన్న పోగుచేసి, కాచి, మంగళవారం మంగళవారం ఉదయగిరికి నెయ్యి తెచ్చేవాడు. ఉదయగిరిలో రంగనాథానికి స్నేహితుడంటే అతనే. పొడుం తయారుచేసి తెచ్చేదీ అతనే. పొగాకు ఈనెలు తీసి, ఎండబెట్టి, నేతిలో వేయించి, సున్నం కలిపి మెత్తగా నూరేవాడు. అరుగు మీద డబ్బా దింపగానే ముందు పొడుం పట్టు, ఆ తరువాత ఊరి కబుర్లు, ఆ తరువాతనే డబ్బా మూత. పట్టు వేస్తే ముక్కు తెరుచుకుంటుందని, తెరుచుకున్న ముక్కుతోనే నెయ్యి చూడాలని రంగనాథం నమ్మకం. ఈ ఇరవై ఏళ్ళలో పొడుం పట్టకుండా ఆయన ఒక్క డబ్బా చూడలేదు.

"ఏంది శెట్టీ, ముఖం అట్ట పీక్కపోయి ఉండాది? ఇందా, ఒక పట్టెయ్యి. నిన్ననే నూరినాను."

తెరిచిన డబ్బీలోంచి ఆ వాసన రంగనాథం గుండెదాకా పోయింది. నోట్లో నీళ్ళూరాయి. కళ్ళలోనూ ఊరాయి.

"మానేశా సిద్ధయ్యా."

"మానేసినావా!" సిద్ధయ్య నవ్వాడు. "ఎందుకు? సన్నాసుల్లో కలుస్తావా? ఒక్క పట్టు శెట్టీ. నా చేతిది. నాకోసం."

"ముందు డబ్బా మూత తియ్యి."

సిద్ధయ్య నవ్వు ఆగిపోయింది. "పట్టెయ్యకుండానా? ముక్కు తెరుచుకోవద్దా?"

రంగనాథం డబ్బా దగ్గరికి జరిగాడు. తానే మూత తీసి, వేలితో కాస్త నెయ్యి తీసుకుని ఎడమ చేతి వెనక, బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో పెట్టి రుద్దాడు. అక్కడే రుద్ది చూడడం ఇరవై ఏళ్ళ పద్ధతి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నెయ్యి వాసన ఉంది. దాని అడుగున ఇంకేదో ఉంది. మైనం లాంటిది, కిరాణా కొట్లో కొత్త వనస్పతి డబ్బా తెరిస్తే వచ్చేలాంటిది. ఒకవేళ ఇది పొడుం లేక గింజుకుంటున్న తన ముక్కు చేస్తున్న మాయేమో. అనుమానం తీరాలంటే సిద్ధయ్య నేతిలోనే వేగిన ఆ పొడుంలోనూ ఈ వాసన ఉందేమో చూడాలి.

"ఏదీ, ఆ డబ్బీ ఇట్లా తే."

సిద్ధయ్య ముఖం విప్పారింది. డబ్బీ చాపాడు. రంగనాథం ఒక పట్టు తీసి కుడి చేతి గుంటలో పోసుకున్నాడు. రోజూ పొడుం పోసుకునేది కూడా ఎడమ చేతి గుంటలోనే, ఇవాళ అక్కడ నెయ్యి ఉంది. ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, ఈ అయిదు రోజుల బాధా తీరిపోతుంది. చేతిని ముక్కుకు కొద్ది దూరంలో ఆపి, మెల్లగా, గాలికి వచ్చినంత మటుకే వాసన చూశాడు.

పొగాకు ఘాటు. దాని వెంటే కమ్మని, పూస కట్టిన, నిక్కమైన గేదె నెయ్యి వాసన.

ఆయనకు సంగతి తెలిసింది. ఇన్నాళ్ళూ ఎడమ చేతి గుంటలో పట్టిన నెయ్యి వాసన ఇదే. ఎవరి డబ్బా అయినా ఈ చేతి మీదే రుద్దాడు. ఏ నెయ్యి తెచ్చినా, పొడుంతో చేతికి ముందే అంటిన మంచి నెయ్యి ముక్కుకు తగిలి, తల ఊపించింది.

లేచి బావికి పోయాడు. రెండు చేతులూ బూడిదతో తోముకున్నాడు. మూడు బిందెలు తోడాడు. చాలలేదు. ఇంకో మూడు తోడాడు. తిరిగి వచ్చేసరికి సిద్ధయ్య డబ్బాకు మూత పెట్టి, తల వంచుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నించి?" అన్నాడు రంగనాథం.

"యాడాది. వానల్లేవు శెట్టీ. సగం గేదెలు సంతకు పోయినయ్యి. వారానికి రెండు డబ్బాలని మాటిచ్చినా, యాడ తేవాల?"

"నాకు చెబితే పొయ్యేది గదరా. ఒక్క డబ్బానే తెచ్చి ఉంటే ఏమయ్యేది?"

"చెప్పాలనే వచ్చినా మొదటి వారం. నువ్వు పట్టేసి, వాసన చూసి, బెమ్మాండంగా ఉండాదన్నావు. ఇంక నోరు రాలా."

"నా పొడుంలోది మంచి నెయ్యే."

"దాంట్లో మటుకు ఏనాడూ కలపలా." సిద్ధయ్య తలెత్తాడు. "మా ఇంటి గేదెది. పిల్లోళ్ళకు కూడా పొయ్యకుండా నీకు వేయించినా."

"నేను తలూపాలని."

"ఈ యాడాది, అవును. తక్కిన పందొమ్మిదేండ్లు ఎందుకిచ్చినాననుకుంటివి శెట్టీ?"

రంగనాథం డబ్బాను రెండు చేతులతో ఎత్తి సిద్ధయ్య భుజం మీద పెట్టాడు. సిద్ధయ్య దిగి వీధిలోకి నడిచాడు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం ఆరాటం ఇదివరకెన్నడూ రానంతగా వచ్చింది. బిందెలకు లొంగలేదు. ఎదురు అరుగు మీద డబ్బీ తిరుగుతూ ఉంది. పోయి వేళ్ళు చాపితే చాలు, మాటలో చోటు దొరుకుతుంది. రంగనాథం కొట్టు తలుపులు మూసుకుని, నేల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాళ్ళు లేచి ఇళ్ళకు పోయేదాకా అట్లాగే ఉన్నాడు.

శనివారం రామనారాయణ బస్సు దిగి వచ్చాడు. అయిదు గిన్నెలు వరుసగా పెట్టాడు. రంగనాథం ఒక్కొక్కటీ చూసి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ చూశాడు.

"రెండోదాంట్లో వనస్పతి. నాలుగోది మంచిదే, కాకపోతే కాగడం ఎక్కువై అడుగంటింది."

రామనారాయణ ఆశ్చర్యపోయాడు. "నాలుగోది మా ఇంట్లోదే బావా. అడుగంటిన మాట నిజమే." గొంతు తగ్గించాడు. "అయితే ఆ రెండు డబ్బాలూ ఎవరివి? పేరు చెప్పండి. వాణ్ణి ఇక్కడా ఆత్మకూరులోనూ ఎవరూ అరుగెక్కనియ్యకుండా చేస్తా."

"తప్పు నా ముక్కుది."

"ముక్కు కలిపిందా వనస్పతి?"

"నేను చూసి పంపింది. నేను చూడకుండా పోయిందేమీ లేదు. ఇక మీదట పోదు."

రామనారాయణ గిన్నెలు సర్దుకున్నాడు. భోంచేసి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. వరదయ్యను పంపే మాట ఎత్తలేదు. రంగనాథానికి ఆ గది మిగిలింది.

తరువాతి మంగళవారం రంగనాథం పొద్దున్నుంచీ అరుగు మీదే ఉన్నాడు. ఎవరి కోసమూ కాదని తనకు తానే చెప్పుకున్నాడు. ఎండ మెట్ల దాకా వచ్చిన వేళకు సిద్ధయ్య కనిపించాడు. ఈసారి డబ్బా లేదు. నెత్తిన చిన్న కుండ, మూతికి గుడ్డ. వీధికి అవతలి వారగా, ఇటు చూడకుండా నడుస్తున్నాడు. బజారు చివర ఇంకో కొట్టు ఉంది, అక్కడికి కాబోలు.

గాలి అటునుంచి ఇటు వీస్తున్నది. గుడ్డకు ఊరిన నెయ్యి వాసన వీధి దాటి వచ్చింది. రంగనాథం కళ్ళు మూసుకుని పీల్చాడు. ఇంకేమీ లేదు దాని అడుగున. ఒక్క గేదె నెయ్యి, సన్నని మంట మీద ఓపిగ్గా కాచింది.

"సిద్ధయ్యా!" అన్నాడు.

సిద్ధయ్య ఆగాడు. కుండకు చెయ్యి అడ్డం పెట్టి సగం తిరిగాడు. "ఏంది శెట్టీ?"

ఇంతకాలం వాళ్ళిద్దరూ ఏ మాట మొదలుపెట్టినా ముందు డబ్బీ తెరిచే మొదలుపెట్టారు. అది లేకుండా ఎట్లా మొదలుపెట్టాలో రంగనాథానికి తోచలేదు. నెయ్యి బాగుందని అనవచ్చు. అంటే, పోయినసారి బాగలేదని అన్నట్టవుతుంది. రమ్మని పిలవవచ్చు. వస్తే అతని చెయ్యి రొండికి పోతుంది, డబ్బీ తెరుచుకుంటుంది, ఈసారి వద్దనగలనన్న ధైర్యం తనకు లేదు.

"ఏంలేదు" అన్నాడు. "ఎండగా ఉండాది. తొరగా పో."

సిద్ధయ్య కుండ సర్దుకుని నడిచాడు. రంగనాథం చెయ్యి మెల్లగా రొండి వైపు పోయింది. ఆయన లేచి, బిందె తీసుకుని బావికి నడిచాడు.