మిస్ ఐరీన్ డాబా మీద చల్ల మిరపకాయలు

రఘువీర్‌కి యాభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండు అమెరికాలో బాతెల్ అనే ఊరి ముసురులోనే గడిచిపోయాయి. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ చెప్పాక, ఆ ఇల్లు ఎక్కడుండాలన్న ప్రశ్న మొదటిసారి అతనికి తట్టింది. కరీబియన్ సముద్రంలో సెయింట్ జాన్ అనే చిన్న దీవి కనిపించింది. అదీ అమెరికాదే. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అతనికి కావలసిందీ అదే.

ఇల్లు దొరకడమే గగనమైంది. నెలన్నర తిరిగాక, రిటైరైన టీచరు మిస్ ఐరీన్ తన మేడమీది రెండు గదులు ఇచ్చింది. కింద ఆవిడ ఉంటుంది.

"నెల రోజులు చూస్తాను. కుదిరితే ఉంటావు, లేదంటే పడవ ఎక్కుతావు. నీళ్ళు మాత్రం పొదుపుగా వాడు," అంది.

పైకి వెళ్తే తెల్ల రంగు వేసిన చదును డాబా. దాని నిండా ఎండ. అమెరికాలోనే కాపెల్ అనే ఊళ్ళో ఉన్న చెల్లెలు ఉషకి వీడియో కాల్‌లో చూపించాడు.

"అబ్బ, డాబా కూడానా! అన్నయ్యా, ఇంకేం చూస్తున్నావ్, చల్ల మిరపకాయలు పెట్టెయ్. ఇక్కడ బ్యాక్‌యార్డ్‌లో చీర ఆరేస్తేనే కాలనీవాళ్ళు తప్పని లెటర్ పంపిస్తారు."

"పెడతాలే."

"పెరుగు బాగా పులవాలి. నీ మొహంలాగా."

పెట్టాడు. మూడు రోజులు మజ్జిగలో ఊరిన మిరపకాయల్ని నాలుగో రోజు పొద్దున పాత దుప్పటి మీద పరిచి, దీవి రెండో కొస చూద్దామని బయల్దేరాడు. క్లైవ్ అనే పెద్దాయన తన ట్రక్‌లో ఎక్కించుకున్నాడు. బండి మన దేశంలోలాగే ఎడమ పక్కన పోతుంటే రఘువీర్‌కి హాయిగా అనిపించింది.

కొత్త చోటికి వెళ్తే మనుషులు ఏం చేస్తున్నారని కాక, ఏం చేయకుండా ఉన్నారని చూడటం అతనికి అలవాటు. కొండవాలు ఇళ్ళన్నీ దాటుతుంటే ఒకటి గమనించాడు. డాబాలన్నీ కడిగిన కంచాల్లా ఉన్నాయి. ఒక్క బట్ట లేదు, కుర్చీ లేదు, పూలకుండీ లేదు. ఇంత ఎండ పెట్టుకుని ఎవరూ పైకి ఎక్కరెందుకు? తుపాను భయమా? నలుగురి కంట పడటం ఇష్టం లేకనా? రెండోదే నిజమైతే బాగుండుననుకున్నాడు. తనలాంటివాళ్ళు ఊరంతా ఉన్నట్టు. ఉండబట్టలేక అడిగాడు.

"మీరు డాబాలు వాడరా?"

క్లైవ్ పగలబడి నవ్వాడు. "వాడకపోవడమేంటి బాబూ, రోజూ తాగుతాం! నది ఎక్కడుంది ఇక్కడ? డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి ఇంటి కింద తొట్టిలోకి పోతుంది. నీ కుళాయిలో వచ్చేది అదే."

రఘువీర్‌కి పొద్దున పరిచి వచ్చిన దుప్పటి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, తను బయల్దేరిన వైపు కొండ మీద నల్లటి మబ్బు దిగుతోంది.

"బండి తిప్పుతారా? డాబా మీద మిరపకాయలు ఆరేశాను. పెరుగులో ఊరినవి."

"ఎవరి డాబా?"

"మిస్ ఐరీన్‌ది."

క్లైవ్ నవ్వు ఆగిపోయింది. "మూడో క్లాసులో నాకు పాఠం చెప్పింది ఆవిడే. దేవుడే నీకు దిక్కు." బండి తిప్పుతూ, "ఫోన్ చెయ్," అన్నాడు.

ఫోన్ చేతిలోనే ఉంది. చెప్తే ఇల్లు పోతుంది. దీవిలో ఇంకో ఇల్లు ఖాళీ లేదు. చెప్పకపోతే? వానకంటే ముందే చేరవచ్చు. చేరకపోయినా, తొట్టెడు నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త మజ్జిగ, ఎవరు కనిపెడతారు? తన ఆలోచన ఎటు పోతోందో వింతగా గమనించాడు. ఎవరికీ ఏదీ చెప్పుకోనక్కర్లేని బతుకును ఏళ్ళ తరబడి కట్టుకొచ్చాడు. ఇప్పుడు తను నోరు మెదపకపోతే, ఆ మౌనాన్ని కింది అంతస్తులో ఒక ముసలావిడ గ్లాసులో పోసుకుని తాగుతుంది.

ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు.

"మీవాళ్ళు మంచినీళ్ళలో మిరపకాయలు వేస్తారా?" అంది మిస్ ఐరీన్.

"లేదండీ. మా వైపు డాబా అంటే ఎండబెట్టుకునే చోటు."

"వాన మొదలైంది. గొట్టం ఊడదీస్తాను," అని పెట్టేసింది.

వాళ్ళు చేరేసరికి వాన వెలిసింది. అయిదు వారాల తర్వాత పడ్డ వాన, తొట్టిలోకి చేరకుండా మెట్ల మీదుగా జారి వీధిలోకి పారుతోంది. మిస్ ఐరీన్ నిలువునా తడిసి, ఊడదీసిన గొట్టం పక్కన నిలబడి ఉంది.

"మన్నించండి. సామాను సర్దుకుంటాను," అన్నాడు రఘువీర్.

ఆవిడ వినిపించుకోలేదు. డాబా నుంచి తెచ్చిన మిరపకాయ ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "లోపల ఈ తెల్లదేంటి?"

"పెరుగు."

"ఎన్నాళ్ళు?"

"మూడు రోజులు. తర్వాత పగలు ఎండలో, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో."

"మళ్ళీ ఎందుకు?"

అతను చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ క్లాసులో నిలబెట్టినట్టు ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. చివరికి బ్రష్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"రెండే బకెట్లతో డాబా కడగాలి. తర్వాత గొట్టం తగిలించడం చూపిస్తాను. ఇకమీదట ప్రతి వానకీ ముందు దాన్ని శుభ్రం చేసే పని నీది."

"ప్రతి వానకీనా?"

"ఏం, నెల కాగానే ఎక్కడికైనా పోతున్నావా?"