టీవీ లెక్కలో నమ్రత

ఆగస్టులో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికకు ముందు వారం, ట్రాయ్‌లోని ఇండియన్ స్టోర్ బయట ఒక టీవీ విలేకరి నమ్రతను ఆపి, ఈసారి మీరు ఎవరి వైపు అని అడిగాడు.

ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. బెండకాయల సంచీ చేయి మార్చుకుని, స్కూళ్ల గురించి, కార్ల కంపెనీల్లో ఊడుతున్న ఉద్యోగాల గురించి ఆపకుండా చెప్పింది. చివర్లో మాత్రం, తాను వీసా మీద ఉన్నానని, తనకు ఓటు లేదని ఒప్పుకుంది. అతను థాంక్యూ చెప్పి మైకు దించేశాడు.

సాయంత్రం టీవీలో ఆ చివరి మాట లేదు. ఆమె ముఖం కింద ‘ఓటరు’ అని వేశారు. స్టూడియోలో విశ్లేషకుడొకడు ట్రాయ్ మ్యాపు మీద చేయి పెట్టి, ఇక్కడి భారతీయుల ఓట్లన్నీ పోటీలో ఉన్న టీచరమ్మకి కాక, భారతీయ పేరున్న అభ్యర్థికే గంపగుత్తగా పడతాయని తేల్చేశాడు.

నమ్రత భర్త శశికాంత్ పగలబడి నవ్వాడు. “గ్రీన్ కార్డే రాలేదు, ఓటు మాత్రం వచ్చేసింది చూడు నీకు!”

నమ్రతకు నవ్వు రాలేదు. రిమోట్ అందుకుని, తన ముఖం దగ్గరికి వెనక్కి తిప్పి ఆపింది. “కాసేపు ఉండనివ్వండి,” అంది.

పోలింగ్ రోజు కూతురు రియాను స్కూలు దగ్గరికి తీసుకెళ్లింది. ఇక్కడే పుట్టిన పిల్ల, పద్దెనిమిది నిండాయి, ఇది మొదటి ఓటు.

“అమ్మా, నీకు ఓటుంటే who?” కారు దిగబోతూ అడిగింది రియా.

“ఆ టీచరమ్మకి.”

“మన పేరున్న అంకుల్‌కి కాదా?”

“పేరు మనదైతే చాలా? మన వీధి వైపు ఒక్కసారైనా వచ్చాడా?”

“నేను ఆయనకే వేస్తా. బస్సుల ప్లాన్ నచ్చింది. ఓకేనా?”

నా బదులు ఆవిడకి వెయ్యవే అన్న మాట నమ్రత నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “నీ ఓటు నీది. వెళ్లిరా.”

రియా తిరిగొచ్చాక నమ్రత చిన్నపిల్లలా అడిగింది. “లోపల ఎలా ఉంటుందే?”

“ఏం లేదమ్మా, స్కూల్ జిమ్. పేపర్ మీద గుండ్రటి గళ్లు నింపాలి, అంతే.”

“అంతేనా?”

“అంతే.”

మర్నాడు పొద్దున టీచరమ్మ గెలిచిందన్నారు. భారతీయులు ఇల్లు కదల్లేదని, వాళ్లకు ఈ దేశపు రాజకీయాలు పట్టవని అదే విశ్లేషకుడు పెదవి విరిచాడు.

“నావాడు ఓడాడు,” ఉప్మా కెలుకుతూ అంది రియా. “నీ ఆవిడ గెలిచింది, congrats అమ్మా.”

నమ్రత తలూపింది. ఆ గెలుపులో తన ఓటు ఎక్కడా లేదు. ఆఫీస్‌కి బయల్దేరి, హైవే ఎక్కకుండా స్కూలు దారి పట్టింది. అక్కడ ‘ఓటు ఇక్కడ’ అన్న బోర్డులు పీకి వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. ఆఖరిది తీసేదాకా కారు పక్కన ఆపుకుని చూస్తూ కూర్చుంది.