మామగారి కుర్చీలో ఏనుగు చెవులు

మా అత్తగారు లుత్సీనా, గుడ్డను బీరులో తడిపి, చేమ జాతి ఏనుగు చెవుల మొక్క ఆకులు మెరవాలని ఒక్కొక్కటిగా తుడుస్తున్నారు. అది మామగారి బీరు. మొక్క కుండీ ఉన్నది కూడా ఆయన కుర్చీలోనే. ఇంట్లో ఎండ పడే కిటికీ అదొక్కటేనని, ఆకులు రాలే రోజుల్లోనే దాన్ని తెచ్చి అక్కడ పెట్టారు. అప్పటినుంచి మామగారు బ్రోనెక్ తలుపు పక్కన, చలిగాలి కొట్టేచోట, ముక్కాలి పీట మీద కూర్చుంటున్నారు.

“చలి సోఫియా పండుగ దాటనీ, తోటలో పెట్టేస్తా. నీ కుర్చీ నీకొస్తుంది” అని అత్తగారు చలికాలమంతా చెబుతూ వచ్చారు. మే నెలలో ఆ పండుగ దాటేదాకా మా ఊళ్లో ఎవరూ లేత మొక్కలను బయట పెట్టరు. అది నిన్ననే దాటింది.

పక్కింటి వాండా వచ్చి, మొక్కను చూసి నవ్వింది.

“ఇంకా లోపలేనా వదినా? ఇది చలికి ఓర్చే రకమే కదా! ఇద్దరం ఒకే కొట్లో కొన్నాం. నాది మంచులోనే వదిలేశా, రోజాలకు కప్పినట్టు ఇంత గడ్డి కప్పి. అప్పుడే మొలకలు పొడుచుకొచ్చాయి.”

“నీది గడ్డ తల్లీ. నాది బిడ్డ.”

“మరి అన్నయ్య?”

“ఆయనకేం? చలికి ఓర్చే రకం.”

అత్తగారు కిటికీలోంచి మబ్బులను చూసి, “ఇంకో వారం ఆగుదాంలే” అన్నారు.

మామగారు లేచారు. ఒక చేత్తో బీరు సీసా, ఇంకో చేత్తో పీట పట్టుకుని, తోటలోకి వెళ్లిపోయారు.